చివరి బండి వచ్చేదాకా

హేమలతకు బండి తోలడం సరిగా రాదని బైక్ రైడ్ల గ్రూపులో అందరికీ గట్టి నమ్మకం. మిగతా వాళ్లు ఎనభైలో పోతుంటే ఆమె నలభైలో పాకుతుంది. ఆమె వెనక ఒక్క అమరనాథ్ ఉంటాడు. అతను స్వీప్. అంటే అందరికంటే చివర వస్తాడు, ఎవరినీ దాటడు, ఎవరినీ వదిలేసి రాడు.

నిజానికి బెంగళూరు హెబ్బగోడిలో రూముకు రాకముందు ఆమె చిత్తూరు ఘాట్ రోడ్లలో నాన్న బుల్లెట్ తోలిన పిల్ల. నలభైలో పోవడానికి కారణం కుడివైపు అద్దం. అందులో అతని హెడ్‌లైట్ కనిపిస్తుంది. ఈ సంగతి ఆమెకూ ఆ అద్దానికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

ఆ ఆదివారం పొద్దున హొస్కోట దాటాక టీ దగ్గర, గ్రూపును ముందుండి నడిపే ఆశ చల్లగా చెప్పింది.

"హేమా, ఈ రోజు నువ్వు నా వెనకే. సెకండ్ ప్లేస్."

"నేనా? ఎందుకు?"

"అమర్ అడిగాడు. నిన్ను తన ముందు పెట్టొద్దన్నాడు."

హేమలత అటు చూసింది. అమరనాథ్ తలెత్తకుండా చైన్‌కు ఆయిల్ కొట్టుకుంటున్నాడు. తన వెనక ఈడ్చుకుంటూ రావడం అతనికి విసుగు పుట్టించిందన్నమాట. ఏడుపొచ్చింది. ఇదే ఆఖరి రైడ్, సాయంత్రం గ్రూపులోంచి తప్పుకుందామని అక్కడే తేల్చేసుకుంది.

చింతామణి వైపు రాగి చేలు, మల్బరీ తోటలు, బోడి కొండలు ఎనభైలో జర్రున వెనక్కి పోయాయి. ఎంతో అందంగా ఉన్నాయని మిగతా వాళ్లు తర్వాత చెప్పుకున్నారు. ఆమె అద్దంలో ఎవరెవరివో లైట్లు, అతనిది తప్ప.

ఒక పల్లె మలుపు దగ్గర ఆశ బండి ఆపింది. "ఇక్కడ నిలబడి అందరికీ దారి చూపించు. స్వీప్ వచ్చేదాకా కదలొద్దు."

తొమ్మిది బండ్లు మలుపు తిరిగాయి. పదోది, అమరనాథ్‌ది, రాలేదు. వాన మాత్రం వచ్చింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. కోపం కాస్తా భయమైంది.

పక్కనున్న పట్టుపురుగుల షెడ్డులోంచి సొన్నమ్మ అనే అవ్వ కేకేసింది. "ఎవరి కోసరమమ్మా వానలో నిలబడి ఉండావు? లోపలికి రా."

"ఇంకో బండి రావాలవ్వా. లోపల్నుంచి రోడ్డు కనబడదు."

అవ్వ వచ్చి యూరియా సంచిని మడిచి ఆమె నెత్తిన కప్పింది. "వస్తాడులే" అని వెళ్లిపోయింది. హేమలత బండి అంది గానీ, మనిషి అనలేదు.

నలభై నిమిషాలకు ఆ లైట్ కనిపించింది.

"పంక్చర్" అన్నాడు అమరనాథ్, తడిసి ముద్దయి. "నువ్వు ఇంకా ఇక్కడే ఉండావా? పోవాల్సింది కదప్పా."

"స్వీప్ వచ్చేదాకా కదలొద్దన్నారు. నేనంటే నీకు విసుగైనా రూల్ రూలే."

"విసుగా?" అతను హెల్మెట్ తీశాడు. "పోయిన రైడ్‌లో మన గ్రూపు అభిషేక్ బండి ఆగిపోయి చెయ్యి ఊపితే, చూడకుండా దాటి పోయినాను. స్వీప్ చెయ్యకూడని పని అదొక్కటే. ఎందుకు చూడలేదంటే, నా కండ్లు నీ టెయిల్ ల్యాంప్ మీదనే ఉండాయి. నువ్వంటే ఇష్టం హేమా. చెప్పేదానికి భయమై, నిన్ను ముందుకు పంపించేసినా."

హేమలత వానలోనే నవ్వేసింది. "నేను ఎనభైలో తోలగలను."

"ఈ పొద్దు చూసినా కదా. కండ్లకు కనబడకుండా పోయినావు."

"నలభైలో ఎందుకు పోతానో తెలుసా?" ఆమె తన కుడివైపు అద్దాన్ని వేలితో తుడిచింది. "ఇందులో నువ్వు కనబడాలని."

అమరనాథ్ ఆ అద్దంలోకి చూశాడు.

షెడ్డు గుమ్మంలోంచి అవ్వ అడిగింది. "వాడేనా?"

"వాడే అవ్వా."

సంచి తిరిగిచ్చి, హేమలత బండి ఎక్కింది. "ఇప్పుడు వెనక సరిగా చూసుకుంటావా మరి?"

"మన వెనక ఇంకెవరూ లేరు" అన్నాడతను. "ఎంతసేపు నీ లైటు చూసినా తప్పు లేదు."

ఆమె అద్దం సర్దుకుని నలభైలో పోనిచ్చింది. కొంచెం దూరం పోయాక అది కూడా ఎక్కువనిపించి, ముప్పైకి దించింది.