పెన్సిల్‌తో నింపిన ఫారం

"ఇది కూడా పెన్సిలే!" అన్నాను. నా గొంతు నాకే అరుపులా వినిపించింది.

"చదవడానికి బాగానే ఉంది కదండీ," అంది ఆ అమ్మాయి.

బాగానే ఉంది. చెరిపి రాసి, చెరిపి రాసి ఆ గడి దగ్గర కాగితం ఉల్లిపొరలా తయారైంది, అంతే.

క్లాసులయ్యాక రోజూ మూడు గంటలు రిజిస్ట్రార్ ఆఫీసు కౌంటర్‌లో కూర్చోవడం నా పార్ట్‌టైమ్ ఉద్యోగం. రెండో సంవత్సరం వాళ్లు తమ మేజర్ సబ్జెక్టు, దానికి కారణం రాసిచ్చే ఫారాలు తీసుకుని స్టాంపు వేయాలి. నేనూ రెండో సంవత్సరమే. పెన్నుతో నింపాలని ఫారం మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. నాలుగొందల మందికి అర్థమైంది, ఈ ఒక్క మనిషికి తప్ప. ఆఫీసులో ఆమెకు రబ్బరమ్మాయి అని పేరు పెట్టేశాం.

"ఇవాళ ఐదింటికి గడువైపోతుంది. ఆ తర్వాత ఎక్కడ సీటు మిగిలితే అక్కడ పడేస్తారు. చచ్చినట్టు అదే చదవాలి. తెలుసా?"

"తెలుసు. అరవకండి."

"అరవట్లేదు!"

వెనక టేబుల్ దగ్గర సూపరింటెండెంట్ మేడమ్ తలెత్తి చూశారు. బయట వాన దంచేస్తోంది. పైకప్పు నుంచి బకెట్‌లోకి టప్ టప్‌మని చుక్కలు పడుతున్నాయి.

"మొదటిసారి కామర్స్ రాశారు, నాన్నగారి షాపు కోసం. తర్వాత కంప్యూటర్స్, అన్నయ్య చెప్పాడని. పోయిన మంగళవారం బయాలజీ, పిన్ని నర్సని. ఇవాళ మళ్లీ కామర్స్. మీ ఇంట్లో ఇంకెవరైనా మిగిలారా?"

"తాతయ్య ఉన్నాడు," అంది సీరియస్‌గా.

తల పట్టుకున్నాను. ఎంత ఒళ్లు మండినా ఆమె కళ్లలోకి చూస్తే నవ్వొస్తుంది, అదీ నా చిక్కు. ఎప్పుడొస్తుందో తెలియక రెండు వారాలుగా రోజూ ఇస్త్రీ చొక్కాలే వేసుకొస్తున్నాను.

ఆమె మాత్రం పైకప్పు చూస్తోంది. "బకెట్ ఎన్నిసార్లు జరిపినా లాభం లేదండీ. కిటికీ పైన పగులుంది చూడండి. నీళ్లు అక్కడ దిగి, బీమ్ వెంబడి పాకి ఇక్కడ కారుతున్నాయి. పోయినసారీ చెప్పాను."

"పోయినసారే కాదు, వచ్చిన ప్రతిసారీ చెప్పారు. మెట్ల దగ్గర గోడ ఎందుకు ఉబ్బిందో చెప్పారు. ఆ తలుపు ఎందుకు పట్టేస్తోందో చెప్పారు. కామర్స్ గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. మీకు సివిల్ ఇంజనీరింగ్ కావాలని ఆ బకెట్‌కి కూడా తెలుసు తల్లీ!"

ఆమె మొహం చిన్నబోయింది. "నేనొక్కదాన్నే తీసుకున్న నిర్ణయం తప్పైతే?" అంది మెల్లగా. "అప్పుడు ఎవర్ని అనాలి? పెన్సిలైతే చెరిపెయ్యొచ్చు కదా."

నా కోపం నీరుగారిపోయింది. కొత్త ఫారం ఇద్దామని సొరుగు లాగాను. నా ఖర్మ కొద్దీ పైనే నా ఫారం ఉంది. నేను మూసేలోపే ఆమె లాగేసుకుంది.

"చరిత్ర," అని చదివి, ఆ అక్షరాల మీద వేలితో రుద్దింది. వేలు నల్లబడింది. "ఇది పెన్సిలా?"

"అంటే... కంప్యూటర్స్ కాకపోతే మా అన్నయ్య..."

"నన్ను మూడుసార్లు వెనక్కి పంపి, మీరు పెన్సిలా!" ఇప్పుడు అరుస్తున్నది ఆమె. "మీకూ తాతయ్య ఉన్నాడా?"

"ఇంకా పది నిమిషాలున్నాయి," అన్నారు మేడమ్, ఫైలు లోంచి తలెత్తకుండానే.

ఆమె నా జేబులో పెన్ను లాగి, కొత్త ఫారంలో సివిల్ ఇంజనీరింగ్ అని రాసింది. కారణం అన్న చోట 'నాకు ఇష్టం' అని రాసింది. పెన్ను నా ముందు పెట్టింది.

"సాయంత్రం మా ఇంట్లో పెద్ద గొడవ. మీ ఇంట్లో కూడా అవ్వాల్సిందే. రాయండి."

పెన్సిల్ గీతల మీదే పెన్నుతో చరిత్ర అని దిద్దాను. మేడమ్ లేచొచ్చి రెండింటి మీదా తనే స్టాంపు గుద్దారు. "మీ ఇద్దర్నీ చూడలేక చస్తున్నా," అంటూ షట్టర్ దించేశారు.

వరండాలోకి వచ్చాం. వాన తగ్గలేదు.

"నాలుగొందల ఫారాల్లో ఎవరి కారణమూ నాకు గుర్తులేదు," అన్నాను. "మీవి మాత్రం అన్నీ గుర్తున్నాయి. మీరంటే నాకు చాలా ఇష్టం. రేపు క్యాంటీన్‌కి వస్తారా?"

ఆమె ఉబ్బిన గోడనే చూస్తూ నిలబడింది. చూస్తోంది, చూస్తూనే ఉంది. నాకు మళ్లీ ఒళ్లు మండింది.

"ఇప్పుడు ఎవర్నడగాలి? తాతయ్యనా?"

"ఎవర్నీ కాదు," అంది. నా పెన్ను మళ్లీ తీసుకుని, నా అరచేతిలో గట్టిగా ఒత్తి రాసింది: 'వస్తాను.'

తడవకుండా ఆ చెయ్యి జేబులో పెట్టుకుని ఇంటికెళ్లాను. అన్నయ్య అరుస్తున్నంతసేపూ గుప్పిట మూసుకునే కూర్చున్నాను.