నేలమీద కాగే ఇంజన్

కాఫీ చల్లారిపోతోందని భార్య మూడుసార్లు చెప్పినా కెప్టెన్ గారికి వినపడలేదు. ఆయన పెయింట్ల కొట్లో గుమాస్తా. కెప్టెన్ అన్నది భార్య వెటకారంగా పెట్టిన పేరు. ఆయన మాత్రం దాన్ని బిరుదనుకుంటున్నారు.

సెలవురోజు పొద్దున్నే బనీనుతోనే కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, కంప్యూటర్లో పాతకాలపు యుద్ధవిమానాలు నడపడం ఆయనగారి ఘనకార్యం. ఆ సిమ్యులేటర్ ఆటలో కలుపుకోవడానికి ఒకే విమానం నమూనాని రెండు కంపెనీలు తయారుచేసి అమ్ముతున్నాయి. ఆ రెండు యాడ్-ఆన్లనీ పోల్చి, ఏది అసలుకి దగ్గరో తేల్చి, తనలాంటి మరో నలభైమంది కోసం ఇంటర్నెట్లో తీర్పు రాస్తారు. ఆ ధీమా చూస్తే విమానం ఈయన పెరట్లోనే తయారైందనిపిస్తుంది.

"రెండోది ఒట్టి చెత్త," అన్నారు టకటకా టైపు చేస్తూ. "నేలమీద కాసేపు నిలబెడితే చాలు, ఇంజన్ కాగిపోతోంది. బుద్ధున్నవాడెవడైనా ఇలా చేస్తాడా?"

పదిహేడేళ్ళ కూతురు కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అది విమానాల మెకానిక్ కోర్సు దరఖాస్తు. తండ్రి సంతకం కావాలి. సాయంత్రంతో గడువు అయిపోతుంది.

"మళ్ళీ తెచ్చావా? పైలట్ అవుతానంటే అర్థముంది. గ్రీజు పూసుకుని బోల్టులు బిగిస్తానంటావేంటి? నా పరువేం కావాలి?"

"పరువు గురించి కెప్టెన్ గారే చెప్పాలి, ఆ చిరుగుల బనీనేసుకుని!" అంది తల్లి వంటింట్లోంచి.

"అది చెత్త కాదు నాన్నా," అంది కూతురు. "అసలు విమానం కూడా అలాగే కాగేది. ఇంజన్ని చల్లబరిచే రేడియేటరు రెక్క కింద ఉంటుంది. నేలమీద ఉన్నప్పుడు చక్రం కాలు అడ్డమొచ్చి దానికి గాలి సరిగ్గా తగలదు. నువ్వు మెచ్చుకున్న మొదటిదే తప్పు."

"నీకెవరు చెప్పారు?"

"నీ పుస్తకమే. నువ్వు బొమ్మలు చూశావు, నేను చదివాను."

తల్లి పగలబడి నవ్వింది. కెప్టెన్ గారి మొహం కందగడ్డలా అయింది. విసురుగా దరఖాస్తు లాక్కున్నారు, చింపేద్దామనే. 'ఈ కోర్సులో ఎందుకు చేరాలనుకుంటున్నారు?' అన్న ప్రశ్న కింద కూతురి గుండ్రటి అక్షరాలు కంటపడ్డాయి.

'మా నాన్నకి విమానాలంటే ప్రాణం. ఇంతవరకు ఒక్కటీ ఎక్కలేదు. ఎక్కే రోజున దాని ఇంజన్ నేను చూసిందై ఉండాలి. అప్పుడే నాకు నిశ్చింత.'

ఆయన రెండుసార్లు చదివారు. హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టారు. ప్రతి విమానం గుట్టూ తనకే తెలుసని విర్రవీగిన మనిషికి, పక్కగదిలో పెరిగిన పిల్ల మనసు తెలియలేదు. సిగ్గుతో తల వాలిపోయింది. కళ్ళు నిండిపోయాయి.

"పెన్నేదీ?" అన్నారు.

కూతురు ఇచ్చింది. కన్నీళ్ళలో గీతలన్నీ అలుక్కుపోయి, ఆయన ఎక్కడో గీకేశారు.

"అయ్యో నాన్నా, అది ప్రిన్సిపాల్ సంతకం చెయ్యాల్సిన చోటు!"

"తప్పు చేశానమ్మా," అన్నారాయన.

ఆ మాట ఆయన నోట రావడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. భార్య చల్లారిన కాఫీ మళ్ళీ వేడిచేసి తెచ్చి బల్లమీద పెట్టింది. కూతురు ఆయన భుజంమీద తల ఆనించి, తనూ వెక్కుతూ, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది.