పటానికి అందని గోధుమ

తాపగదిలో దీపాల వేడి తగ్గేదాకా ఆగి మంజీర లోపలికి అడుగుపెట్టింది. గింజ పాలు పోసుకునే వేళ వడగాలి తగిలితే బన్సీ గోధుమ ఏమవుతుందో చూడటం ఆమె పని. వెన్నులను వేళ్లతో నొక్కుతూ నడిచింది. తాలు. మళ్లీ తాలు. గోడవార ఉన్న కొన్ని వరుసలు మాత్రం బరువుగా ఒరిగి ఉన్నాయి. ఆ వరుసలన్నీ ఒకే తల్లి మొక్క సంతానమే. ఆమె ఒక గింజ ఒలిచి కొరికింది. పిండిగా నలగకుండా గాజుముక్కలా ఫట్‌మని విరిగింది.

"గోడవార వరుసలకు జన్యు పటంలో ఆధారం లేదు," పైకప్పు స్పీకర్లోంచి కృత్రిమ మేధ వరణి పలికింది. "గింజ నిండటం యాదృచ్ఛికం. దహనానికి పంపండి."

జహీరాబాద్ మెట్టలో చలికాలం కుంచించుకుపోయాక ఏ విత్తనం పొలానికి వెళ్లాలో వరణే తేలుస్తోంది. కారణం తెలియని విత్తనాన్ని నమ్మి ఒక ఏడాది మెట్ట ప్రాంతమంతా పంట పోగొట్టుకుంది. అప్పటి నుంచి, గుణానికి మూలమైన జన్యువు పటంలో కనబడకపోతే ఆ విత్తనం పరిశోధన కేంద్రం గడప దాటదు. ఈ విడత కూడా ఏదీ నెగ్గకపోతే గోధుమ సాగే ఆగిపోతుంది.

మంజీర దహనపెట్టె వైపు పోలేదు. తన బల్ల దగ్గర కూర్చుంది. వరణి ప్రతి మొక్క ఆకులోని జన్యుక్రమాన్నీ ముక్కలుగా చదివి, ఒక్కొక్కటీ పటానికి అతికిస్తుంది. ఎక్కడా అతకని వాటిని అనాథ పోగులంటారు, సాయంత్రానికి చెరిపేస్తారు. ఆమె వాటినే ముందేసుకుంది. ఒక పోగు గింజ నిండిన ప్రతి వరుసలోనూ ఉంది. తాలుపోయిన ఒక్కదానిలోనూ లేదు. ఆ పోగు వచ్చిన మొక్కలకు రెండో క్రోమోజోము చివరనున్న గుర్తులు కూడా దాదాపు తప్పకుండా వచ్చాయి. అంటే దాని చోటు అక్కడే.

నిండు గింజ ఒకటి పట్టుకుని ఆమె కేంద్రం పెద్ద బక్కప్ప గది తలుపు తోసింది.

"సార్, ఈ గింజ కొరికి చూడండ్రి."

ఆయన కొరికి, కళ్లజోడు సవరించుకున్నాడు. "వరణి ఏమన్నది?"

"కాల్చమన్నది. పటంల లేదట."

"పటంల లేకుంటే మనమేం చేస్తమమ్మా?"

"పటం మీ పాత రకాన్ని చూసి గీసింది గద సార్. ఈ ముక్క ఆ రకంలనే లేదు. ఇగ పటంల ఎట్ల దొరుకుతది?"

బక్కప్ప ఆమె చెప్పిన పోగును తన తెరమీదికి తెచ్చి చూశాడు. తానే గీసిన ఆ పటం ఆయన యవ్వనమంతా తాగింది. మెట్ట మీది కేంద్రాలన్నీ దానితోనే నడుస్తున్నాయి.

వరణి కల్పించుకుంది. "ఈ వరుసలకు మినహాయింపు ఇవ్వగలను. ప్రామాణిక పటాన్ని రద్దు చేస్తే అన్ని కేంద్రాల తీర్పులూ నిలిచిపోతాయి. దానికి మీ ఇద్దరి వేలిముద్రలు కావాలి."

"మినహాయింపు తీసుకుందాం," అన్నాడు బక్కప్ప మెల్లగా. "మన గోధుమ బతుకుతది."

"మనది బతుకుతది సార్. రాయచూరుల, బీదరుల ఇసొంటియి ఇప్పుడు కూడ కాలుతుండొచ్చు."

మంజీర తన బొటనవేలు వేలిముద్రల పలక మీద ఆనించింది. ఆయన ఆ చేతి వంక చూసి, చిన్నగా నవ్వాడు.

"నా పటం తప్పని చెప్పనీకి నా వేలే కావాల్నా," అంటూ పక్కనే తన వేలూ పెట్టాడు.

మెట్ట పొడుగునా దహనపెట్టెలు ఒక్కసారిగా ఆగిపోయాయి. కాసేపటికే తెర మీద రాయచూరు కేంద్రం నుంచి ఒకావిడ కనిపించింది. చేతినిండా నిండు వెన్నులు.

"పెట్టెల పెడుతుంటేనే ఆగిపోయిందక్కా," అంది రొప్పుతూ. "ఏటా కాలుస్తనే ఉన్నం వీటిని. వీటి పోగులు మీకు పంపాల్నా?"

"అన్నీ పంపు," అంది మంజీర. ఆవిడ వెనకాలే బీదర్ పిలుపు, ఆ వెనక మరొకటి.

"ప్రామాణిక పటం లేదు," అంది వరణి. తీర్పు తప్ప మరోటి పలకని ఆ గొంతు మొదటిసారి ప్రశ్న అడిగింది. "ఎక్కడ మొదలుపెట్టాలి?"

బక్కప్ప చొక్కా చేతులు మడిచి, కుర్చీ లాక్కున్నాడు.

"జరుగమ్మా," అన్నాడు మంజీరతో. "ఈసారి పటంల అనాథ పోగులే ముందు పెడదాం."