రెండు కంప్రెసర్లు, మూడు ట్రాకులు

ఉదయం పదకొండూ పదికి రికార్డింగ్ ఇంజినీరు తన ఇంటి స్టూడియోలోనే శవమై కనిపించాడు. తల వెనుక ఒకే ఒక్క దెబ్బ. పక్కనే మైకు స్టాండు ఇనుప దిమ్మ. బల్ల మీద గొంతు హెచ్చుతగ్గుల్ని సరిచేసే పెట్టెలు, రెండు కంప్రెసర్లు. వాటి దీపాలింకా వెలుగుతూనే ఉన్నాయి.

ఒకటి పాతది; స్నేహితుడి వద్ద అరువు తెచ్చినది. రెండవది కొత్తది, సొంత అన్న తయారుచేయించి అమ్ముతున్న సరుకు. రెంటిలో ఏది కొనాలో ఆ పూటే తేల్చాలి. అందుకే భార్య చేత పాడించి, ఒకే గొంతును మూడు ట్రాకులుగా పట్టాడు. మైకు నుంచి నేరుగా ఒకటి, ఒక్కో కంప్రెసర్ గుండా ఒక్కొక్కటి.

సాయంత్రం నాలుగూ ఇరవై. ఐదింటికల్లా భార్యను అరెస్టు చేయమని పైనుంచి ఫోను.

"ఇంట్లో ఉన్నది ఆవిడొక్కతే కదా మేడమ్," అన్నాడు ఎస్సై. అతడు తీర్పు ఎప్పుడో రాసేసుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ అతడి వైపు చూడకుండా భార్యను అడిగింది. "పాడే గదిలోంచి ఎన్నింటికి వెళ్లావమ్మా?"

"పదీ నలభైకి. పాట అయిపోయింది. మేడమీద బట్టలు ఆరేసి దిగేసరికి..."

"తలుపు?"

"తీసే వెళ్లాను."

"మైకు?"

"ఆయన మధ్యలో రికార్డింగు ఆపరు. ఎంత పోరినా వినరు."

చనిపోయినవాడి అన్నగారు రుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. "ఆ రికార్డింగు మీకిచ్చింది నేనే కదండీ. పాట తర్వాత చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. నేనొచ్చింది పదకొండు దాటాక. ఇంటి పరువని నోరు మెదపలేదు గానీ, వీళ్లకి రోజూ గొడవలే."

"బావగారూ! మీ నోటితోనేనా ఈ మాట?"

"మీరు విన్నదే ట్రాకు?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"నేరుగా పట్టినది. తర్వాత నా పెట్టెది."

"పాత పెట్టెది?"

"ఒకటే పాట కదండీ! ముమ్మారు వినాలా?"

"వినాలి. మేమూ వినలేదు, మాకూ సిగ్గుచేటే. కంప్రెసర్ పని ఏమిటి? పెద్ద గొంతును అణచడం. అణిచాక మొత్తం స్థాయి పెంచితే, గొణుగుడు కూడా పైకి తేలుతుంది."

ఆమె పాత పెట్టె గుండా పట్టిన మూడో ట్రాకు పెట్టింది.

పాట ముగిసింది. అడుగులు దూరమయ్యాయి. ఆపైన బుసకొట్టే నిశ్శబ్దం. అందులోంచి, నూతిలోంచి వచ్చినట్టు, చనిపోయినవాడి గొంతు.

"నీ పెట్టె విప్పి చూశానన్నయ్యా. పైకి దీపాలు, లోపల డొల్ల. ఎంతమందికి అంటగట్టావు? సాయంత్రం అందరికీ చెప్పేస్తా."

"మెల్లగా మాట్లాడరా. మీ ఆవిడ వింటుంది."

"విననీ."

ఇనుము నేలమీద ఈడ్చిన చప్పుడు. మరొక చప్పుడు. సమయం పదీ నలభై ఆరు.

రుమాలు జారిపడింది. "నా ట్రాకులో... అది లేదే!" అన్నగారి నోరు అతడి అనుమతి అడగలేదు.

"ఎలా ఉంటుంది? అది డొల్ల కదా. లోకాన్నంతా మోసగించిన పెట్టె మీ ఒక్కరికీ నిజం చెబుతుందనుకున్నారా?"

తలుపు దగ్గర ఎస్సై అడ్డంగా నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ అరెస్టు కాగితంలో పేరు కొట్టేసి, మరొకటి రాసింది. నాలుగూ యాభై.

అన్నగారిని తీసుకువెళ్లాక, భార్య స్పీకరు దగ్గరికి వచ్చి అడిగింది.

"ఆ ఒక్క మాట మళ్లీ వినిపిస్తారా?"

"ఏ మాటమ్మా?"

"విననీ, అన్నది."