నర్తకి కదిలితే వెలిగే మణులు

వైడూర్యపురానికి సూర్యుడు ముఖం చాటేసి ఏళ్లు గడిచాయి. కొండల నడుమ ఉన్న ఆ రాజ్యం మీద తమిస్రుడనే రాక్షసుడు పొగమంచు కప్పేశాడు. అయినా ప్రజలు బతికారంటే అది నాట్యమండపం గోడల్లో పొదిగిన మణుల చలవే. నర్తకి లాసిక చెయ్యి తిప్పితే గోడలు వెలిగేవి. గిర్రున తిరిగితే ఆ వెలుగు పొలాల దాకా పారేది. అది చూసి ఓర్వలేక తమిస్రుడు లాసికనూ మణులనూ ఎత్తుకుపోయాడు. పైరు కుళ్లింది. పసిపిల్లలు పాలిపోయారు. వెతకబోయిన సైనికులెవరూ తిరిగి రాలేదు.

చివరికి లాసిక చెల్లెలు పింగళ బయలుదేరింది.

"వద్దు తల్లీ! ఒకదాన్ని పోగొట్టుకున్నది చాలదా?" అని తల్లి ఏడ్చింది.

"ఎలాగూ ఈ చీకట్లో చచ్చేదాన్నే కదమ్మా. అక్కను చూసి చస్తాను."

ముళ్లడవిలో ఆమె ఒళ్లు చీరుకుపోయింది. ఊబిలో తిండిమూట మునిగిపోయింది. ఆకలితో సోలిపోతుంటే ఒక ముసలి యోగిని ఎదురైంది.

"మీ అక్క తమిస్రుడి గుహలో శిలై ఉంది. మణులు మొదటిసారి భగ్గుమన్నప్పుడు ఆ వెలుగు తాకిన మేరకే ప్రాణం వస్తుంది. నీకు నాట్యం వచ్చా?"

"రాదవ్వా. అక్క ఆడుతుంటే చూడటమే."

యోగిని నిట్టూర్చి దారి చూపింది.

గుహలో శిలలైన సైనికుల నడుమ లాసిక నిలబడి ఉంది. ఆమె ఎదుట మణులు ఆరిపోయి కుప్పగా పడి ఉన్నాయి. పింగళ అక్క అడుగులు గుర్తు తెచ్చుకుని ఆడింది. మణులు మిణుకుమని ఆరిపోయాయి. మళ్లీ ఆడింది. పాదాలు పగిలి నెత్తురు కారింది.

"ఇదీ ఒక ఆటేనా!" అని చీకట్లోంచి తమిస్రుడు పకపక నవ్వాడు.

పింగళ కూలబడింది. ఇక ఆశ లేదు. అక్క రాతిపాదాలు వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వెక్కినప్పుడల్లా ఆమె వీపు ఎగిసిపడింది. ఎగిసిపడినప్పుడల్లా, గుండెలోంచి పుట్టిన ఆ కదలికకు ఒక్కో మణి భగ్గుమంది.

"ఆపు! ఏడవకు!" అని అరుస్తూనే రాక్షసుడు ఆ వెలుగులో ఆవిరైపోయాడు.

"పింగళా!" ఒక వెచ్చని చెయ్యి ఆమె తల నిమిరింది. సైనికులూ కళ్లు తెరిచారు. కానీ పింగళ నీడ పడిన లాసిక పాదాలు మాత్రం రాయిగానే మిగిలాయి. తరువాత ఎంత వెలుగు పడినా అవి కదల్లేదు.

"నా వల్లే అక్కా!"

"పిచ్చిదానా, నువ్వు రాకుంటే నేను మొత్తం రాయినే కదా."

సైనికులు లాసికను మోసుకొచ్చి, మణులను మళ్లీ గోడల్లో పొదిగారు. రాక్షసుడు పోయినా పొగమంచు మాత్రం విడలేదు. మండపంలో పింగళ తడబడుతూ అడుగు వేసింది. సన్నని వెలుగు పుట్టింది. తల్లి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. వెనుకే ఊరంతా కదిలింది. వెలుగు పొలాల మీదికి పొంగింది.

నేటికీ అక్కడ పొద్దున్నే అందరూ ఆడతారు. లాసిక కూర్చున్నచోటే చేతులు తిప్పుతుంది. మొట్టమొదట వెలిగేది ఆమె వెనకున్న గోడే.