లోపలి చెమ్మ

కిటికీ దగ్గర గోడ తడిసిందంటే అందరూ వాననే తిడతారు. నేను మాత్రం మొదట గదిని అనుమానిస్తాను. కిటికీలు బిగించడం, వాటి చుట్టూ చెమ్మ ఎక్కడిదో కనిపెట్టడం నా బతుకుతెరువు. తడి ఎటునుంచి వస్తోందో తేలేదాకా ఏదీ మూయకూడదు, ఏదీ తెరవకూడదు. పనిలో నాకున్న పట్టింపు అదొక్కటే.

ఆ మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. వాళ్ళది మూడో అంతస్తు.

"పాప గదిలో గోడ మళ్ళీ తడిసిందిరా. పిల్ల ఊపిరాడక అల్లాడిపోతోంది. ఆ చెమ్మ పోతే తప్ప ఎన్ని మందులు వాడినా లాభం లేదన్నాడు డాక్టరు."

వెళ్ళేసరికి బావ గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. పాప గది కిటికీ బిగించింది నేనే మరి.

"రావయ్యా బామ్మర్దీ! నీ పుణ్యమా అని ఇల్లంతా చల్లగా ఉంది."

"వాన పడి వారమైంది బావా. కారడానికి నీళ్ళంటూ ఉండాలిగా?" నాకూ ఒళ్ళు మండింది.

మేనకోడలు కిటికీ పక్కన అక్క ఒళ్ళో ఉంది. పిచ్చుకంత ప్రాణం కనుక దాన్ని పిచ్చుక అనే పిలుస్తాం. ఛాతీలోంచి ఈల వేస్తున్నట్టు చప్పుడు. అంత ఆయాసంలోనూ ముందుగది కిటికీ అద్దం మీద "హా" అని ఊది, ఆ ఆవిరి మీద వేలితో పిల్లి బొమ్మ గీస్తోంది.

పిల్ల గదిలో బూజు వాసన. కిటికీ కింద గోడ మీద నల్లటి మచ్చ. దాని మీద పల్చటి ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగు వైపులా టేపు వేశాను. షీటుకు గోడ వైపు తడి చేరితే నీళ్ళు బయటివి. గది వైపు చేరితే లోపలి మనుషుల ఊపిరి. కిటికీ, తలుపు మూసేసి, ఎవరూ లోపలికి వెళ్ళొద్దని బావకు గట్టిగా చెప్పాను.

సాయంత్రం మబ్బు కమ్మింది. తలుపు తీశాను. షీటు నిండా నీటి బొట్లు... గది వైపే.

"ఎవరు వెళ్ళారు లోపలికి?"

"ఎవరూ వెళ్ళలేదు. నీ తప్పు మా నెత్తిన రుద్దకు," అని గొణుక్కుంటూ బావ వెళ్ళిపోయాడు.

కిటికీ ముందు వంగాను. అద్దం మీద, చిన్నపిల్ల మొహం ఎత్తులో, ఒక ఆవిరి మచ్చ. చూస్తుండగానే పెద్దదైంది... తగ్గింది... మళ్ళీ పెద్దదైంది.

చేత్తో తుడిచాను. పోయింది. అంటే లోపలి వైపుదే. వెంటనే మళ్ళీ వచ్చింది. నాకూ అద్దానికీ మధ్య జానెడు చోటు. ఆ చోట్లో ఎవరో ఊపిరి వదులుతున్నారు. నా మణికట్టుకు వెచ్చగా తగిలింది. దగ్గు మందు వాసన...

ముందుగదిలోంచి పిచ్చుక ఈల. అక్కడ దానికి ఊపిరందక ఆగినప్పుడల్లా ఇక్కడ మచ్చ ఉబ్బుతోంది.

"పిల్ల ఊపిరి తాగుతున్నావా?" అన్నాను. భయం కంటే కోపం ముందొచ్చింది. "పో... బయటికి పో!"

కిటికీ బార్లా తెరిచాను. వెచ్చటి గాలి నా చెంపను రాసుకుంటూ వెళ్ళిపోయింది. కిటికీ మూసి గడియ పెట్టాను. అద్దం పొడిగా ఉంది.

ముందుగదిలో ఈల ఆగిపోయింది.

"ఒరేయ్, తగ్గిపోయిందిరా!" అక్క ఏడుపు గొంతుతో అరిచింది.

పరుగెత్తాను. పిచ్చుక కిటికీ దగ్గర నిలబడి నవ్వుతోంది. ఈల లేదు, ఆయాసం లేదు. మొదటిసారి బావ నా భుజం తట్టాడు.

"మొత్తానికి సాధించావు. ఇంతకీ ఆ చెమ్మ ఎక్కడిది?"

అది ఎక్కడిదో తేలకముందే తెరిచేశాను. ఆ దగ్గు మందు వాసన... ఈ ఇంట్లో ఆ మందు తాగేది ఒక్కరే.

పిచ్చుక అద్దానికి మూతి ఆనించి "హా" అంది. ఏమీ రాలేదు. మళ్ళీ "హా"...

"మామయ్యా, పిల్లి రావట్లేదు."

దాని ముక్కు కింద వేలు పెట్టాను. గాలి తగల్లేదు.

అంతలో అద్దం మీద ఆవిరి అలుముకుంది. పిచ్చుక చప్పట్లు కొట్టి, వేలితో గీసింది. గీత పడలేదు. నేను అరచేత్తో తుడిచాను... ఇంకా గట్టిగా తుడిచాను...

పోలేదు. అది అద్దానికి అవతలి వైపు ఉంది. దాని మీద మెల్లగా రెండు పిల్లి చెవులు పడ్డాయి.