పెనుకొండలో ఆగిపోయిన పాట

"సాయంత్రానికల్లా మా మేడం పోలీసుల్ని పిలుస్తాదంట. ఈరన్నన్న జైలుకు పోతాడు. నా ఉద్యోగమూ పోతాది."

సమీనా కుర్చీ అంచున కూర్చుని గబగబా చెప్పింది. ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ల మీది మేడలో ఉన్న ఆ చిన్న ఆఫీసులో ప్రైవేటు డిటెక్టివ్ ఎస్తేరమ్మ ఆమెను ఓదార్చలేదు. ఓదార్చడం ఆవిడకు చేతకాదని అసిస్టెంటు మల్లికార్జునకు తెలుసు. అయినా ఆవిడ చూపు పదునెక్కడం గమనించి అతను ఉత్సాహంగా ముందుకు జరిగాడు.

"ఏడుపు తర్వాత. జరిగింది చెప్పు."

సమీనా హిందూపురంలోని ఒక యాంటెన్నాల కంపెనీలో ఇంజనీరు. ఉపగ్రహం నుంచి వచ్చే రేడియో పాటలను బండిలో వినడానికి ఆమె ఒక కొత్త యాంటెన్నాను తయారుచేసింది. రెండు రబ్బరు పొరల మధ్య సన్నని రాగి గీతలు. టాపు ఎంత వంపుగా ఉన్నా దానితోపాటే వంగి అతుక్కుంటుంది. కొమ్మలు తగిలి విరిగే కమ్మీ యాంటెన్నాల బాధ ఉండదు. నిన్న దాన్ని వ్యానుకు అతికించి, ధర్మవరంలో బస్సుల యజమానులకు చూపించాలని బయలుదేరారు.

"నన్ను ముందే ఈడికి పంపినాడు మా సీనియర్ చంద్రమోహన్ సారు. వ్యానులో ఆయన, డ్రైవరు ఈరన్నన్న వచ్చినారు. పెనుకొండ దాకా పాటలు వచ్చినాయంట. సారు ఆడ చుట్టాలింటికని దిగిపోయినాడు. ఈరన్నన్న టీ తాగి వచ్చేసరికి పాట లేదు. ఈడ అందరూ నవ్వినారు మేడం. విప్పి చూస్తే లోపల రాగి తెగి ఉండాది."

"నీ యజమాని ఏమంటాది?"

"ఈరన్నన్న పోటీ కంపెనీకి అమ్ముడుపోయి కోసినాడంటాది. లేదంటే నాది పనికిమాలిన డిజైనంట."

మధ్యాహ్నానికి ముగ్గురూ హిందూపురం చేరారు. కంపెనీ షెడ్డు గుమ్మంలోనే యజమాని లక్ష్మీదేవమ్మ అడ్డంగా నిలబడింది.

"నిన్నెవరు పిల్చినారమ్మా ఈడికి?"

"పోలీసులు వచ్చి నీ షెడ్డంతా కెలికేదానికంటే నేను చూడడం నయం కదా" అంది ఎస్తేరమ్మ.

లక్ష్మీదేవమ్మ పళ్లు కొరుకుతూ పక్కకు తప్పుకుంది. నిన్నటి నుంచి తాళం వేసి ఉన్న వ్యాను లోపలే ఉంది.

ఎస్తేరమ్మ విప్పి పెట్టిన ఆ యాంటెన్నా రబ్బరు పట్టీని భూతద్దంతో పరిశీలించి మల్లికార్జున చేతికిచ్చింది. పై పొర మీద గీత కూడా పడలేదు. కింది పొర మీద మాత్రం సన్నని కోత, తిన్నగా ఉంది. అదీ వంపు దగ్గర కాదు, చదునుగా ఉన్నచోట. కింద పూసిన జిగురు గాజులా తేటగా మెరుస్తోంది.

బయట గోడవారగా కూర్చున్న ఈరన్న చెంప వాచి ఉంది.

"ఎవరు కొట్టినారప్పా?"

"మేడమ్మే."

"పెనుకొండలో బండి యాడ నిలిపినావు?"

"బస్టాండు పక్క మైదానంలో. కండ్లు తెరవనీకుండా ఒకటే దుమ్ము."

"దోవలో పాట యాడైనా ఆగిందా?"

"యాడా లేదక్కా. రైలు వంతెన కింద గొర్రెల మంద అడ్డమొచ్చి శానాసేపు నిలబడిపోతిమి. అప్పుడు గూడా ఖంగుమని మోగె."

ఎస్తేరమ్మ అతని ఫోను చూపించమంది. పాతకాలపు మీటల ఫోను.

చంద్రమోహన్ మాత్రం కూర్చున్న కుర్చీలోంచి లేవలేదు. "నేను వెనక సీట్లో ఉంటి. ఆ రేడియో సెట్టు జోలికే పోలేదు. వంగే సరుకు విరగకుండా యాడికి పోతాది? నేను చేసిన కమ్మీ యాంటెన్నాను మూలన పడేసి ఈ పిల్లను నెత్తినెక్కించుకున్నారు. అనుభవించండి."

ఎస్తేరమ్మ అందరినీ వ్యాను చుట్టూ నిలబెట్టింది. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు.

"ఇది వంగి విరగలేదు. వంపు దగ్గర తెగలేదు కాబట్టి డిజైను తప్పు కాదు. కింది నుంచి కోసినారు. కొయ్యాలంటే టాపు మీది నుంచి పీకి, మళ్లీ అతికించాలి. పెనుకొండ మైదానంలో ఆ పని చేసింటే జిగురు నిండా దుమ్ము ఉండల్ల. ఒక్క రవ్వ లేదు. అంటే ఈ షెడ్డులోనే, బండి బయలుదేరకముందే కోసినారు."

"మరి పెనుకొండ దాకా పాట యాడి నుంచి వచ్చె?" అంది లక్ష్మీదేవమ్మ.

"సమీనా, వంతెన కింద ఉపగ్రహం పాట వస్తాదా?"

"రాదు మేడం. ఆకాశం కనపడకుంటే తెగిపోతాది." అంటూనే సమీనా ఈరన్న వైపు చూసింది.

"కానీ నిన్న వంతెన కింద శానాసేపు నిలబడినా తెగలేదు. ఆ పాట ఆకాశం నుంచి రాలేదు. బండిలో ఉన్న ఒక ఫోను నుంచి బ్లూటూత్‌లో సెట్టుకు వచ్చె. ఈరన్న మీటల ఫోనులో అది లేదు. ఆ ఫోను పెనుకొండలో దిగిపోగానే పాట ఆగిపోయె. తాళం ఇవ్వమ్మా."

ఎస్తేరమ్మ వ్యాను స్టార్టు చేసింది. సెట్టు వెలిగింది. ఆవిడ సైగ చేయగానే మల్లికార్జున, సమీనా ఇచ్చిన చంద్రమోహన్ నంబరుకు ఫోను కలిపాడు.

వ్యాను స్పీకర్లు నాలుగూ ఒక్కసారిగా గణగణ మోగాయి.

చంద్రమోహన్ చెయ్యి జేబు మీదికి పోయి అక్కడే ఆగింది. "ముట్టుకోని సెట్టుకు మీ ఫోను ఎట్లా తెలిసె సార్?" అని ఎస్తేరమ్మ అడిగింది. అతను సమీనా వైపు తిరిగి, "నిన్న మొన్న వచ్చినదానివి" అని విషం కక్కాడు.

లక్ష్మీదేవమ్మ పోలీసులకు కబురు పంపింది. తర్వాత గొంతు సవరించుకుని, "సోమవారం మళ్లీ చూపిద్దాం సమీనా. కొత్త పట్టీ చెయ్యి" అంది.

"చేస్తా. ముందు ఈరన్నన్నకు తప్పయిందని చెప్పండి."

లక్ష్మీదేవమ్మ మొహం ఎర్రబడింది. నేల చూపులు చూస్తూ, "తప్పయిపోయింది ఈరన్నా" అంది.

ఈరన్న తలపాగా దులిపి భుజాన వేసుకుని గేటు దాటి నడిచిపోయాడు. సోమవారం బండి ఎవరు తోలతారని అడిగే ధైర్యం అక్కడ ఎవరికీ లేకపోయింది.